గుర్తుపెట్టుకునే ఉద్యోగం

పెద్ద పనులు ఎలాగోలా అయిపోతాయి. శుభలేఖలు అచ్చు కాలేదని ఆగిపోయిన పెళ్ళిని మనలో ఎవరమైనా చూశామా? ముహూర్తం పెట్టాక ఇంటిల్లిపాదీ దాని వెంట పరిగెడతారు. మేనమామ వంటవాళ్ళతో బేరమాడతాడు, పిన్ని చీరలకి ఫాల్స్ కుట్టిస్తుంది, ఎవరో ఒకరు అర్ధరాత్రి పూలకోసం బండి తీస్తారు. ఇల్లు కట్టడమూ అంతే. తెచ్చిన అప్పుకి వడ్డీ వెనకనుంచి తరుముతుంటుంది కాబట్టి గృహప్రవేశం జరిగి తీరుతుంది.

దిక్కులేనివల్లా చిన్న పనులే. నాన్న బ్యాంకు ఖాతాలో నామినీ పేరు మార్చడానికి ముహూర్తం ఎవరు పెడతారు? నీళ్ళ ట్యాంకు మూత పగిలిందని బంధువులెవరూ రైలెక్కి రారు. పాసుపుస్తకంలో పేరు అచ్చుతప్పు, ఇంటిపన్ను రసీదులో పాత డోరునంబరు, అమ్మ కళ్ళజోడు, మేనల్లుడి పాస్‌పోర్టు, తాతగారి ఫొటోకి కొత్త ఫ్రేము. దేనికదే చూస్తే అరపూట పని. అరపూట పనే కదా అన్న ధీమాతోనే అది ఆరునెలలు నానుతుంది.

డేవిడ్ ఆలెన్ అనే అమెరికన్ 2001లో 'గెటింగ్ థింగ్స్ డన్' అని ఒక పుస్తకం రాశాడు. ఒకటికంటే ఎక్కువ అడుగులు వేస్తే కానీ తెమలని ప్రతి పనీ ప్రాజెక్టే అంటాడాయన. నాగార్జునసాగర్ స్థాయిలో ఉంటే తప్ప ఆ మాట వాడని మనకి ఇది కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ ఆ లెక్కన చూస్తే మన ఇళ్ళలో ఏ నెలలో అయినా పాతిక ముప్పై ప్రాజెక్టులు నడుస్తూ, కాదు, ఆగి ఉంటాయి.

తెనాలిలో మా ఇంటి డాబానే తీసుకోండి. వానాకాలం వస్తే హాల్లో ఒక మూల చెమ్మ దిగి పెచ్చులూడుతుంది. 'డాబా బాగుచేయించాలి' అని ఒక్క ముక్కలో అనేస్తాం. అసలు సంగతి అడుగడుక్కీ విప్పితే కానీ తెలియదు. తాపీమేస్త్రీని పిలిచి చూపించాలి. ఆయన వచ్చేలోపు మేడ మీద పోగుపడ్డ పాత సామాను తీయించాలి. నీళ్ళు కట్టి ఎక్కడ నిలుస్తున్నాయో చూడాలి. వాలు సరిగా లేక నిలుస్తున్నాయా, పిట్టగోడ మొదట్లోంచి దిగుతున్నాయా, ట్యాంకు పైపు జాయింటు దగ్గర కారుతోందా? మూడింటికీ మందు వేరు. పైపు దగ్గరైతే ముందు ప్లంబరు రావాలి, తర్వాతే మేస్త్రీ. పైన పూత పూయాలంటే స్లాబు బాగా ఆరాలి, అంటే వేసవిలోనే చెయ్యాలి. వేసవిలో కారదు కాబట్టి ఎవరికీ గుర్తు రాదు. వాన పడగానే అందరికీ గుర్తొస్తుంది, అప్పుడు చెయ్యడానికి వీల్లేదు. ఈ ఒక్క పనీ మా ఇంట్లో ఏళ్ళ తరబడి బతికిందంటే దానికి డబ్బు ఇబ్బందీ కారణం కాదు, బద్ధకమూ కాదు. గుర్తొచ్చే కాలం ఒకటి, చేసే కాలం ఇంకొకటి కావడమే.

ఇదివరకు ఇవన్నీ ఎక్కడ ఉండేవి? కొన్ని గోడమీది క్యాలెండర్లో, పాలలెక్క పక్కన ఖాళీ దొరికిన చోట. కొన్ని పాత డైరీ వెనక పేజీల్లో. కాగితం మీద పెట్టేదానికి మాత్రం ఒక పద్ధతి ఉండేది. పచారీ చిట్టా రాసినా, పెళ్ళి సామాను జాబితా రాసినా మొదటి వరసలో పసుపు ఉండాల్సిందే, ఇంట్లో డబ్బా నిండా పసుపున్నా సరే. మిగతావన్నీ అమ్మ తలకాయలో. గ్యాసు ఎప్పుడు బుక్ చేశామో, తద్దినానికి బ్రహ్మగారికి ఎప్పుడు కబురు పెట్టాలో, ఎవరింటి పెళ్ళిలో మనకి ఏం పెట్టారో, ఈసారి మనం ఏం పెట్టాలో, అన్నీ. అర్ధరాత్రి మంచినీళ్ళకి లేచినప్పుడు 'రేపు కరెంటు బిల్లు ఆఖరు తేదీ' అని చీకట్లోకి చెప్పి మళ్ళీ పడుకునేది. వినేవాళ్ళు లేకపోయినా పైకి అంటే తనకి కాస్త బరువు దిగేది కాబోలు.

ఆ బరువు గురించి మనస్తత్వ శాస్త్రవేత్తలు వందేళ్ళుగా తవ్వుతున్నారు. బెర్లిన్‌లో కర్ట్ లెవిన్ దగ్గర పనిచేసిన బ్లూమా జైగార్నిక్ 1927లో తన ప్రయోగం అచ్చువేసింది. మనుషుల చేత మట్టిబొమ్మలు చెయ్యడం, చిక్కులెక్కలు విప్పడం లాంటి చిన్నచిన్న పనులు చేయించి, కొన్నిటిని పూర్తి కానిచ్చి, కొన్నిటిని సగంలో ఆపించేసింది. తర్వాత అడిగితే, పూర్తయినవాటికంటే ఆగిపోయినవే దాదాపు రెట్టింపు గుర్తున్నాయట. తర్వాత మళ్ళీ చేసి చూసినవాళ్ళందరికీ అదే ఫలితం రాలేదు. అయినా సగంలో ఆగిన పని మనసుని పీకుతుందన్న మాట ఇంటి బాధ్యత మోసినవాళ్ళకి ప్రయోగాలు చేసి చెప్పాల్సినది కాదు.

నాకు ఇంకా నచ్చింది 2011 నాటి ఇంకో పరిశోధన. మసికాంపో, బౌమైస్టర్ అని ఇద్దరు చేశారు. తెమలని పని ఒకటి తలలో ఉన్నవాళ్ళకి కథ చదవమని ఇస్తే మధ్యలో ధ్యాస పక్కకి పోయింది. అదే పనిని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తారో ముందుగా రాసుకోమన్నవాళ్ళు మాత్రం హాయిగా చదువుకున్నారు. గమనించండి, వాళ్ళు కూడా పని పూర్తిచెయ్యలేదు, ఒక పథకం వేసుకున్నారంతే. మనసు అడిగేది పని అయిపోవాలని కాదు, దాన్ని నమ్మకంగా ఎక్కడో ఒకచోట దించమని. పనుల యాప్‌లన్నీ బతుకుతున్నది ఈ ఒక్క సూత్రం మీదే.

మా ఇంటి సంగతికొస్తే, మేం ముగ్గురం మూడు దిక్కుల్లో ఉన్నాం. అన్నయ్య వదినలు డాలస్‌లో, చెల్లి బావగారు విశాఖలో, నేను హైదరాబాద్‌లో. అమ్మానాన్నలు తెనాలి వదిలి రామంటారు. నాన్న తపాలా శాఖలో చేసి రిటైరయ్యారు, ఎనభై దాటాయి. ఇల్లు తెనాలిలో, పొలం కాస్త పక్క ఊళ్ళో, కాగితాలు ముగ్గురి బీరువాల్లో. ఇలాంటి కుటుంబం తెలుగునాట వింతేం కాదు, ప్రతి వీధిలోనూ నాలుగైదు ఉంటాయి.

మొదట్లో అన్నిటికీ వాట్సాప్ గ్రూపే దిక్కు. అందులో గులాబీపువ్వుల శుభోదయాలూ, మనవడి బర్త్‌డే వీడియోలూ, మేస్త్రీ ఫోన్ నంబరూ ఒకే వరసలో వస్తాయి. నాన్న రక్తపరీక్ష రిపోర్టు మీద ఎవరో దణ్ణం బొమ్మ పెడతారు. ఆ దణ్ణం చూశానని చెప్పడమా, డాక్టరుకి చూపిస్తానని మాట ఇవ్వడమా? తెలియదు. సాయంత్రానికి ఆ రిపోర్టు పైకి వెళ్ళిపోయి ఎవరికీ కనపడదు. గ్రూపు మాటలకి బాగుంటుంది. పనికి కావలసింది వేరు. మాట పాతబడితే పోవచ్చు, పని పాతబడేకొద్దీ పైకి రావాలి.

యాప్ పెడదామన్నది అన్నయ్య. సాఫ్ట్‌వేర్‌లో మేనేజరు కదా, ఉత్సాహానికి కొదవలేదు. ఆ వారాంతం కూచుని మా కుటుంబాన్ని శాఖలుగా విభజించేశాడు. ఆరోగ్యానికి ఎర్ర రంగు, పొలానికి ఆకుపచ్చ, ఇంటికి నీలం. ప్రతిదానికీ నాలుగు స్థాయిల ప్రాధాన్యం, ప్రాజెక్టు లోపల ప్రాజెక్టు, దానిలోపల ఇంకోటి. ట్యాంకు మూతకి వెళ్ళాలంటే నాలుగు తలుపులు తియ్యాలి. చూడ్డానికి మాత్రం కన్నులపండుగ. చెల్లి ఒక్కటే అడిగింది: "అన్నయ్యా, ఇంత సర్దేలోపు మూత కొని పెట్టేసేవాళ్ళం కదా?"

ఆ ప్రశ్న ఇలాంటి యాప్‌లు వాడే ప్రతివాళ్ళూ నెలకోసారి వేసుకోవాల్సింది. సర్దుకోవడంలో పని చేసిన తృప్తి ఉంటుంది, పని చేసిన ఫలితం ఉండదు. 2007లో టుడూయిస్ట్ యాప్ తయారుచేసిన అమీర్ సాలిహెఫెండిచ్ అప్పటికి డెన్మార్క్‌లో విద్యార్థి. చదువుతోపాటు తన నెత్తిమీదున్న రకరకాల ప్రాజెక్టులు చక్కబెట్టుకోవడానికే రాసుకున్నాడు. ఆ పుట్టుకలోనే దాని సుగుణం ఉంది: ఒక మనిషి తల ఖాళీ చేసుకోవడానికి ఎంత కావాలో అంతే. మనం దానికి రంగులద్దుతూ కూచుంటే తల ఖాళీ కాదు, ఇంకో గది నిండుతుంది.

రంగులు వదిలేశాక మాకు నిలిచినవి మూడే మూడు పద్ధతులు. మొదటిది, పనికి పేరు పెట్టేటప్పుడు అది ఎప్పుడు అయినట్టో ఆ పేరులోనే ఉండాలి. 'డాబా' అని పెడితే అది ఒక దిగులు. 'ఈ వానకి హాల్లో చెమ్మ దిగకూడదు' అని పెడితే అది పని. దాని కింద వెయ్యాల్సిన తర్వాతి అడుగు ఒక్కటే కనపడాలి, అదీ క్రియతో. 'మేస్త్రీ' కాదు, 'మేస్త్రీకి ఫోన్ చేసి ఆదివారం పొద్దున రమ్మనాలి'. ఇంత విడమర్చి రాయడం చాదస్తంగా అనిపిస్తుంది. కానీ ఆఫీసు నుంచి అలిసి వచ్చిన మనిషికి ఆలోచించే ఓపిక ఉండదు, ఫోన్ చేసే ఓపిక ఉంటుంది.

రెండోది, మన చేతిలో ఉన్నవాటినీ, ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నవాటినీ విడదియ్యడం. మీసేవలో దరఖాస్తు ఇచ్చాం, రావాలి. బ్యాంకులో ఫారం ఇచ్చాం, వాళ్ళు మార్చాలి. ఇవి మనం చేసే పనులు కావు, అలాగని మరిచిపోయే పనులూ కావు. వీటన్నిటినీ 'ఎదురుచూపు' అని ఒక వరసలో పెట్టి, ఎవరికి ఇచ్చాం, ఏ తేదీన ఇచ్చాం, రసీదు నంబరెంత అని రాసిపెడితే కౌంటరు దగ్గర మన గొంతు మారుతుంది. 'ఎప్పుడో ఇచ్చామండీ' అనే మనిషికీ, తేదీతో సహా చెప్పే మనిషికీ ఒకే జవాబు రాదు.

మూడోది అన్నిటికంటే కష్టమైంది: కొత్త పని మొదలుపెట్టకపోవడం. జాన్ లిటిల్ అనే ప్రొఫెసర్ 1961లో రుజువు చేసిన సూత్రం ఒకటుంది. క్యూలు, ఫ్యాక్టరీలు, కంప్యూటర్లు, అన్నిటికీ వర్తిస్తుంది. వచ్చేవీ పోయేవీ సమానంగా ఉన్నచోట, లోపల ఉన్నవాటి సంఖ్యని తెమిలే వేగంతో భాగిస్తే ఒక్కోటి లోపల ఎంతకాలం ఉంటుందో సగటున వచ్చేస్తుంది. నెలకి మూడు పనులు తెమల్చగల ఇల్లు ముప్పై పనులు తెరిచి పెట్టుకుంటే ఒక్కోదానికీ పది నెలలు. పన్నెండే తెరిచి పెట్టుకుంటే నాలుగు నెలలు. మనుషులు పెరగలేదు, ఓపిక పెరగలేదు, తెరిచినవి తగ్గాయంతే. అందుకని తాతగారి ఫొటో ఫ్రేమూ, పెరట్లో గట్టూ, పాత ఆల్బమ్ స్కానింగూ 'ఎప్పుడైనా' అనే వరసలోకి వెళ్ళాయి. అవి మానేసినవి కావు, వంతు రానివి. ఈ తేడా ఒప్పుకోవడానికి మా అన్నయ్యకి మనసు రాలేదు. మొదలుపెట్టిన ప్రతిదీ జరుగుతున్నట్టే లెక్క ఆయనకి.

ఇదంతా సర్దుకోవడం. అసలు చిక్కు పంచుకోవడం దగ్గర మొదలైంది.

యాప్‌లో పంచుకోవడం చాలా తేలిక. ఒక మీట నొక్కితే లింకు వెళుతుంది, అందరూ లోపలికి వస్తారు, అందరికీ అన్నీ కనపడతాయి. అందరికీ కనపడే పని ఎవరి పని? ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు న్యూయార్క్‌లో దీన్ని కొలిచి చూపించారు. విద్యార్థుల్ని వేరువేరు గదుల్లో కూచోబెట్టి మైకుల్లో మాట్లాడించారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వస్తున్నట్టు గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు తనొక్కడికే వినపడుతోందనుకున్నవాళ్ళలో 85 శాతం మంది అది ఆగేలోపే సాయానికి లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో 31 శాతమే లేచారు. వాళ్ళేం రాతిగుండెవాళ్ళు కారు. ఎవరో ఒకరు లేచే ఉంటారనుకున్నారు. ప్రాణం మీదికొచ్చినప్పుడే అలా ఉంటే నీళ్ళ ట్యాంకు మూత ఏపాటి?

ఈ సంగతి కొన్ని యాప్‌లు తయారీలోనే గుర్తుపెట్టుకున్నాయి. ఫేస్‌బుక్‌లో పనిచేసి బయటికొచ్చిన డస్టిన్ మాస్కోవిట్జ్, జస్టిన్ రోజెన్‌స్టీన్ 2008లో పెట్టిన ఆసనాలో ఒక పనికి ఒకే పేరు రాయగలం. ఇద్దరి పేర్లు రాయనివ్వదు. ఇద్దరూ కలిసి చేసే పనైతే రెండు ముక్కలు చెయ్యాలి. టుడూయిస్ట్‌లోనూ అంతే. 2011లో వచ్చిన ట్రెల్లోలో ఒక కార్డు మీద ఎందరినైనా పెట్టొచ్చు. ఏది మంచిదని నన్నడిగితే, ఇంటి పనులకి ఒక్క పేరు పద్ధతే మంచిదంటాను. రెండో పేరు మొహమాటానికి రాస్తాం, మొదటి పేరు పనిచెయ్యకపోవడానికి అదే సాకు అవుతుంది.

దీన్ని మా అందరికంటే తేలిగ్గా అందుకున్నది నాన్న. ఫోను దూరంగా పట్టుకుని చదివి, "ఇదేముంది, రిజిస్టరు ఉత్తరమేగా" అన్నారు. ఆయన ఉద్యోగమంతా ఆ పద్ధతిలోనే గడిచింది. అప్పట్లో రిజిస్టరు ఉత్తరం చేతులు మారిన ప్రతిచోటా సంతకం ఉండాల్సిందే. పుచ్చుకున్నవాడి సంతకం పడేదాకా అది ఇచ్చినవాడి బాధ్యతే. "నువ్వు పంపితే చాలదురా, వాడు పుచ్చుకున్నాడా లేదా?" అన్నది ఆయన ప్రశ్న. మా యాప్‌లో ఆ ఒక్క నిబంధనా వచ్చి చేరింది. ఎవరి పేరైనా ఇంకొకరు రాయొచ్చు, కానీ ఆ మనిషి 'సరే' అని రాసేదాకా అది రాసినవాళ్ళ పనే. దణ్ణం బొమ్మ చెల్లదు.

డాలస్‌లో ఉన్నాడు కాబట్టి అన్నయ్య చెయ్యగలిగింది డబ్బు పంపడమే అనే మాట కూడా అప్పటినుంచి పోయింది. పనిని అడుగులుగా విప్పితే ఎంత దూరాన ఉన్నవాళ్ళకైనా ఒక అడుగు దొరుకుతుంది. నాన్న లైఫ్ సర్టిఫికెట్ చూడండి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబర్‌లో తాము బతికే ఉన్నామని చూపించుకోవాలి. ఎనభై దాటినవాళ్ళకి అక్టోబర్ నుంచే వీలుంది. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి వచ్చాక ఆన్‌లైన్లో చెయ్యొచ్చు, ఇప్పుడైతే ఫోన్లో ముఖం చూపించినా చాలు. ఒక్క నిమిషం పని అంటారు. ఆ నిమిషానికి ముందు పింఛను ఉత్తర్వు (పీపీఓ) నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్ వెతికి పెట్టుకోవాలి. ఓటీపీ ఏ నంబరుకి వస్తుందో తెలియాలి. మా ఇంట్లో అది అమ్మ వాడే పాత ఫోనుకి వస్తుంది, ఆ ఫోను ఎప్పుడూ బియ్యండబ్బా మీద చార్జింగ్ లేకుండా పడుంటుంది. తర్వాత సర్టిఫికెట్‌ని పింఛను ఇచ్చేవాళ్ళు ఆమోదించారో తిప్పికొట్టారో చూడాలి. వివరాలు సరిచూడటం అన్నయ్యది, వీడియో కాల్లో నాన్నకి కళ్ళార్పమని చెప్పడం చెల్లిది, ఫోను చార్జింగ్ పెట్టడం అమ్మది, ఆమోదం వచ్చిందా లేదా చూడటం నాది. నాలుగు పనులు, నాలుగు పేర్లు. నవంబర్ హడావిడి లేదు.

పంచుకోకూడనివీ ఉన్నాయి. పాస్‌వర్డులు, పిన్‌లు, ఆధార్ ఫొటోలు పనుల యాప్‌లో పెట్టడం ఇంటి తాళంచెవి గడపమీద పెట్టడమే. డబ్బు లెక్కలు అక్కడ పెడితే పని వెనక్కిపోయి పోట్లాట ముందుకొస్తుంది. వాటికంటే సున్నితమైంది ఇంకోటి ఉంది. నాన్నని యాప్‌లో చేర్చిన కొత్తలో ఆయన జాబితా అంతా నిదానంగా చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. 'నాన్న షుగర్', 'నాన్న వినికిడి మెషీను', 'నాన్న ఒంటరిగా బజారుకి వెళ్ళకుండా చూడాలి'. కాసేపటికి, "నన్ను కూడా రిపేర్లలో వేశారేంట్రా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. మేమెవరం నవ్వలేదు.

పెద్దవాళ్ళ గురించి రాసుకునే పనులు వాళ్ళు కూడా చదువుతారు, చదవాలి కూడా. అందుకే ఆ పేర్లన్నీ తీసేసి, ఆయన చెయ్యగలిగిన వాటికి ఆయన పేరే రాశాం. షుగర్ పరీక్షకి వెళ్ళేది ఆయనే కాబట్టి ఆ పని ఆయనదే. ఇంటిపన్ను, కరెంటు బిల్లు, మేస్త్రీని కనిపెట్టుకుని ఉండటం కూడా ఆయనకే వచ్చాయి. బజారు సంగతి ఎవరి జాబితాలోనూ లేదు, ఆయన రోజూ వెళ్ళొస్తున్నారు. తనకి రాసిన పనుల కంటే తను రాసిన పనులెక్కువ ఇప్పుడు. ఏ కొత్త ప్రాజెక్టు తెరిచినా మొదటి వరసలో 'పసుపు' అని రాసి, వెంటనే అయిపోయినట్టు టిక్కు పెడతారు. అన్నయ్య మొదట దాన్ని చెరిపేవాడు. వదిన చెప్పాక మానేశాడు.

అంతా బాగానే ఉందనుకున్న రోజుల్లో చెల్లి ఒక మాట అంది. యాప్‌లో ప్రతి పని కిందా దాన్ని ఎవరు చేర్చారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పూర్తిచేసినవాళ్ళ పేర్లలో ముగ్గురమూ సమానంగానే కనపడతాం. చేర్చినవాళ్ళ పేరు చూస్తే దాదాపు అన్నిచోట్లా చెల్లే. గడువు దాటిన పనుల కింద 'ఏమైంది?' అని అడిగిందీ చెల్లే. "మీరు పనులు చేస్తున్నారన్నయ్యా, కాదనను. నాకు చేసే మనిషి కాదు, గుర్తుపెట్టుకునే మనిషి కావాలి" అంది.

ఆలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో అచ్చువేసిన పరిశోధనలో 35 జంటలతో మాట్లాడి ఇంటి పనిలో కంటికి కనపడని భాగాన్ని నాలుగు ముక్కలుగా విడదీసింది. రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అనుకున్నట్టు జరుగుతోందో లేదో కనిపెట్టుకుని ఉండటం. నిర్ణయించే దగ్గర ఆడా మగా ఇద్దరూ ఉంటారట. పసిగట్టడం, కనిపెట్టుకుని ఉండటం ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతున్నాయట. మన దేశంలో 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి, అందులో పాల్గొన్న ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. ఆ నిమిషాలు వంటకీ అంట్లకీ ఉతుకుళ్ళకీ. అర్ధరాత్రి కరెంటు బిల్లు గుర్తొచ్చి మెలకువ వచ్చిన నిమిషాలు ఏ సర్వేలోనూ లేవు.

అమ్మ తలకాయలో ఉన్నదాన్ని యాప్‌లోకి దించామని మేం అనుకుంటూ ఉంటే, అది నిజానికి చెల్లి తలకాయలోకి దిగింది. యాప్ గంట కొట్టగలదు. స్లాబు ఆరేది వేసవిలో కాబట్టి మార్చి రాగానే డాబా సంగతి పైకి తీసుకురావాలని దానంతట దానికి తెలియదు. అది ఎవరో ఒకరు ముందు అనుకుని, తేదీ వేసి పెడితేనే గంట మోగుతుంది. ఆ ముందు అనుకునే ఉద్యోగానికి జీతం లేదు, సెలవు లేదు, ఇన్నాళ్ళూ పేరు కూడా లేదు.

ఇప్పుడు మేం అడుగులు పంచుకోవడం తగ్గించి, ప్రాజెక్టుల్ని మొత్తంగా పంచుకుంటున్నాం. పొలం అన్నయ్యది. అడంగల్లో పేరు సరిగా ఉందో లేదో చూడటం దగ్గర్నుంచి శిస్తు, కౌలు దాకా ఏది ఎప్పుడు చూడాలో తనే తల్చుకోవాలి, ఎవరూ గుర్తుచెయ్యరు. ఇల్లు నాది. ఆరోగ్యం చెల్లిది, అది తను కోరుకున్నది. ఆదివారం సాయంత్రం ఇక్కడ ఏడయితే వేసవిలో డాలస్‌లో పొద్దున్న ఎనిమిదిన్నర. ఆ వేళకి వంతులవారీగా ఒకరు జాబితా అంతా పైనుంచి కిందికి చదువుతారు. అయినవి, ఆగినవి, ఇక వద్దనుకున్నవి. అన్నయ్య వంతు వచ్చిన ఆదివారం పొలం కాగితాల్లో మేమెవరమూ గమనించని సర్వేనంబరు పొరపాటు ఒకటి పట్టుకున్నాడు. కనిపెట్టి చూడటం ఆయనకి చేతకాక కాదు, ఇన్నాళ్ళూ ఆ ఉద్యోగం ఆయనకి ఎవరూ ఇవ్వలేదు.

యాప్ ఏదన్నది పెద్ద విషయం కాదు. బెర్లిన్‌లో పుట్టిన వండర్‌లిస్ట్‌ని లక్షలమంది ప్రేమగా వాడుకున్నారు. 2015లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, 2020 మే 6న మూసేసింది. జాబితాలు వేరే యాప్‌లోకి మార్చుకునే వీలిచ్చారు కానీ, అలవాటు మార్చుకోవడం ఎవరి తిప్పలు వాళ్ళవే. కాబట్టి ముఖ్యమైన నంబర్లూ తేదీలూ ఒక నోటు పుస్తకంలో కూడా ఉండటం మంచిది. మా ఇంట్లో ఆ పుస్తకం అమ్మ దగ్గరుంది. యాప్‌లో కంటే అందులోనే రెండు వివరాలు ఎక్కువున్నాయి.

మీ ఇంట్లో కూడా ఇలాంటి జాబితా పెట్టుకుందామనుకుంటే ఏ యాప్ మంచిదని అడగడానికి ముందు ఇంకో ప్రశ్న అడగండి: ఇప్పటిదాకా ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారు? జవాబు మీకు తెలుసు. ఆ మనిషి దగ్గరికి వెళ్ళి 'ఏదైనా పని ఉంటే చెప్పు' అనకండి. అలా అడిగితే చెప్పే పని కూడా వాళ్ళ మీదే పడుతుంది. ఒక్క పనిని ఎంచుకుని, గుర్తుపెట్టుకోవడంతో సహా మొత్తం మీరు పుచ్చుకోండి. ఇక దాని గురించి వాళ్ళు తల్చుకోవాల్సిన అవసరం రాకపోతే, అప్పుడు మీరు పనిని పంచుకున్నట్టు.